పులుపులన్నీ ఒకటి కావు



ఇవాళ మనం వంటింటి అలమారులో ఓ మూలన నిలబడి ఉండే వెనిగర్ సీసా గురించి మాట్లాడుకుందాం. పిల్లలు నూడుల్స్ అడిగిన రోజున అందులోంచి రెండు చెంచాలు తీస్తాం. తర్వాత నెల రోజులు దాని మాటే గుర్తుండదు. అయితే ఈమధ్య దాని పేరు మళ్ళీ గట్టిగా వినిపిస్తోంది. కుళాయి మెరవాలంటే వెనిగర్, అద్దం తుడవాలంటే వెనిగర్, ఫ్రిజ్‌లో వాసన పోవాలంటే వెనిగర్ అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. మంచిదే. పనికొచ్చే వస్తువే. కాని ఈ సీసా రాకముందు మన అమ్మలూ అమ్మమ్మలూ ఆ పనులన్నీ దేనితో చేసుకున్నారు? సీసా వచ్చాక మనం నేర్చుకున్నదేమిటి, మరిచిపోయిందేమిటి? దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. అందులో సేనాపతులున్నారు, ఓడలున్నాయి, పండితులున్నారు. గిన్నెలు తోమిన ఆడవాళ్ళ చేతులు కూడా ఉన్నాయి.

ముందు వెనిగర్ అంటే ఏమిటో చూద్దాం. మా నకిరేకల్ వైపు పుట్టినవాళ్ళకు ఇది అర్థం కావడం చాలా తేలిక. చెట్టు మీంచి పొద్దున్నే దించిన తాటికల్లు తియ్యగా ఉంటుంది. పొద్దెక్కిన కొద్దీ నురగ కట్టి, ఘాటెక్కి, మాపటికి పుల్లబడుతుంది. ఆ లొట్టిని అట్లాగే నాలుగు రోజులు మూత తీసి వదిలేస్తే తాగేవాడు కూడా మొహం చిట్లించేంత పులుపవుతుంది. ఇందులో రెండు మెట్లున్నాయి. రసంలోని తీపిని మత్తు పదార్థంగా మార్చేవి ఈస్టు అనే సూక్ష్మజీవులు. ఆ మత్తును గాలి సాయంతో పులుపుగా మార్చేవి మరో జాతి సూక్ష్మజీవులు. ఆ పులుపు పేరే ఎసిటిక్ ఆమ్లం. ఎసిటిక్ ఆమ్లం కలిసిన నీళ్ళే వెనిగర్. ఫ్రెంచి భాషలో ఆ మాటకు అర్థం పులిసిన ద్రాక్షసారా. మన భాషలో చెప్పుకోవాలంటే పులిసిన కల్లు.

ఏ దేశంలో ఏ సారా కాస్తే ఆ దేశంలో దాని వెనిగర్ తయారైంది. బాబిలోనియా వాళ్ళు కొన్నివేల ఏళ్ళ క్రితమే ఖర్జూరపు సారా నుంచి తీశారు. రోము సైనికులు దండయాత్రల్లో నీళ్ళలో వెనిగర్ కలుపుకుని దాహం తీర్చుకునేవారు. క్రీస్తుపూర్వం 218లో హానిబాల్ అనే కార్తేజి సేనాపతి ఏనుగులతో సహా ఆల్ప్స్ పర్వతాలు దాటాడు. దారికి అడ్డం వచ్చిన బండలను మంటలతో కాల్చి, వాటి మీద వెనిగర్ పోసి పగలగొట్టించాడని లివీ అనే రోము చరిత్రకారుడు రాశాడు. మన దేశంలోనూ వైద్యులకు పులిసిన ద్రవాల సంగతి బాగా తెలుసు. ఆయుర్వేదంలో శుక్తమనీ, కాంజికమనీ కనిపించేవి ఈ జాతివే.

ఇంతమంది వాడినా అది ఎందుకు పులుస్తుందో మాత్రం చాలాకాలం ఎవరికీ అంతుపట్టలేదు. 1864లో ఫ్రాన్సు దేశపు శాస్త్రవేత్త లూయీ పాశ్చర్, ఈ పని సూక్ష్మజీవులదే అని పరిశోధించి చెప్పాడు. అంతకుముందే 1823లో జర్మనీలో చెక్కపొట్టు మీదుగా సారాను ధారగా జార్చి, గాలి బాగా తగిలేట్టు చేసి తొందరగా పులియబెట్టే పద్ధతి వచ్చింది. నెలలు పట్టే పని రోజుల్లోకి దిగింది. వెనిగర్ సీసా చవకై మన అంగళ్ళ దాకా రావడానికి అదే మొదటి మెట్టు.

మన ప్రాంతానికి ఇది వెనిగర్ అనే పేరుతో రాలేదు. సిర్కాగా వచ్చింది. సిర్కా పారసీ మాట. నకిరేకల్, నల్లగొండ 1948 దాకా నిజాం ఏలుబడిలోని హైదరాబాదు రాజ్యంలో ఉండేవి కదా. కచ్చేరీలో ఉర్దూ, బజారులో ఉర్దూ. ఆ భాషతోపాటే సిర్కా మాట కూడా మన చెవిన పడింది. హైదరాబాదు హోటళ్ళలో కబాబుల పక్కన పెట్టే సిర్కా ఉల్లిగడ్డలు మీరు చూసే ఉంటారు. యునానీ వైద్యంలో తేనె, సిర్కా కలిపి కాచిన సికంజబీన్ అనే పానకం ఉంది. ఆ పేరులోనే సిర్కా, తేనె రెండూ ఇమిడి ఉన్నాయి. అటు పడమటి తీరాన గోవాలో, 1510లో పోర్చుగీసువాళ్ళు వచ్చి పాతుకుపోయాక, కొబ్బరికల్లుతో వెనిగర్ తీసి మాంసం కూరల్లో వాడే అలవాటు స్థిరపడింది. విందాలూ కూరకు ఆ రుచి దాని నుంచి వచ్చిందే.

మరి తాటివనాలూ ఈతవనాలూ నిండుగా ఉన్న నల్లగొండ జిల్లాలో, కల్లు దొరకని ఊరే లేని చోట, కల్లు వెనిగర్ మన వంటింటి సరుకు ఎందుకు కాలేదు? నాకు తోచిన సమాధానం ఒకటే. మనకు దాని అవసరం పడలేదు. పులుసుకు చింతపండు ఉంది. ఎండాకాలం చలువకు మజ్జిగ, అంబలి ఉన్నాయి. కోస్తా జిల్లాల ఇళ్ళల్లో తరవాణి కుండ ఉండేది. నిలవ పెట్టుకునే తొక్కులకు ఆ కాయలోని పులుపే చాలు. మామిడికాయ, చింతకాయ, నిమ్మకాయ తమ పులుపు తామే తెచ్చుకుంటాయి. మనం ఉప్పు, కారం, నూనె వేసి జాడీకెత్తుతాం. పులుపు లేని కూరగాయను ఊరబెట్టాలంటేనే సీసాలోని పులుపు కావాలి.

ఇక గిన్నెల సంగతి. స్టీలు రాకముందు ఇల్లంటే ఇత్తడీ రాగీనే. గంగాళం, బిందె, చెంబు, దీపపు కుందులు, బతుకమ్మను పేర్చే తాంబాళం, అన్నీ అవే. రాగి గాలి తగిలి నల్లబడుతుంది. తేమ తగిలితే పచ్చని చిలుము పడుతుంది. పులుపు ఆ పైపొరను కరిగిస్తుంది, లోపలి లోహం బయటపడి మెరుస్తుంది. రసాయనశాస్త్రం చెప్పేది ఇంతే. ఆ శాస్త్రం పేరు వినని ఆడవాళ్ళు రసం తీసేసిన చింతపండు పిప్పిని పారెయ్యకుండా దాచి, దానికి ఇంత ఉప్పో బూడిదో కలిపి తోమారు. పులుపు మరకను కరిగించింది, బూడిద రాపిడినిచ్చింది. పులుసుకు పనికొచ్చిన వస్తువే రెండోసారి బిందెకూ పనికొచ్చింది. ఖర్చు లేదు, వ్యర్థం లేదు.

కాని శ్రమ మాత్రం బోలెడు. పండగ రేపనగా పెరట్లో అరుగు నిండా ఇత్తడి సామాను పరిచి, నడుం వంచి తోమిన ఆ పూటలను తలచుకుంటే పాత కాలాన్ని ఊరికే మెచ్చుకోబుద్ధి కాదు. గోళ్ళ సందుల్లో చింతపండు మంట, అరచేతుల్లో బూడిద. ఆ తళతళ ఇంటి పరువు, ఆ పని ఇల్లాలిది, లేదంటే అంట్లు తోమే మనిషిది. చరిత్ర పుస్తకంలో దీనికి ఒక్క వాక్యం కూడా దక్కదు.

అందులోనే ఇంకో తెలివి కూడా ఉంది. బిందెను మెరిపించే పులుపు, గిన్నెలో వంటయితే విషం కావచ్చు. పులుపు రాగిని కరిగిస్తుంది కదా, ఆ కరిగింది కూరలోకి దిగుతుంది. వాంతులు, కడుపునొప్పి పట్టుకుంటాయి. అందుకే వంట గిన్నెల లోపల తగరపు కళాయి పూయించేవారు. కళాయి వెయ్యడానికి వచ్చిన మనిషి వీధిలో కొలిమి పెట్టి, గిన్నెను కాల్చి, తెల్లని తగరాన్ని గుడ్డతో లోపలంతా పామి ఇచ్చేవాడు. కళాయి పోయిన గిన్నెలో పులుసు పెట్టవద్దని కోడలికి అత్తగారు చెప్పేది. మా అత్తగారు చదువుకోలేదు. అయినా పులుసు రాతిచిప్పలో కాచేది, తొక్కు జాడీలో పెట్టేది, పెరుగు మట్టి కుండలో తోడు వేసేది. రాయి, పింగాణీ, కాల్చిన మట్టి ఈ మూడూ పులుపుకు లొంగవు. ఏ పులుపుకు ఏ పాత్ర అన్నది ఆమెకు వేళ్ళ మీద లెక్క.

పులుపుల్లో తేడాలున్నాయన్న సంగతి ప్రపంచానికి ఒక ఓడ మీద రుజువైంది. ఆ కథ మనం తెలుసుకోదగ్గది. ఆ రోజుల్లో నెలల తరబడి సముద్రం మీద ఉండే నావికులకు స్కర్వీ అనే జబ్బు వచ్చేది. చిగుళ్ళు వాచి నెత్తురు కారేది, ఒళ్ళు నీరసించి ప్రాణం పోయేది. పుల్లనిదేదైనా ఇస్తే తగ్గుతుందని వైద్యుల నమ్మకం. 1747లో సాలిస్‌బరి అనే ఇంగ్లీషు యుద్ధనౌక మీద జేమ్స్ లిండ్ అనే వైద్యుడు పన్నెండుమంది రోగులను ఇద్దరిద్దరు చొప్పున ఆరు జతలుగా విడదీశాడు. ఒక జతకు వెనిగర్ ఇచ్చాడు. ఒక జతకు నారింజలూ నిమ్మపళ్ళూ ఇచ్చాడు. ఒక జతకు వెల్లుల్లి, ఆవాలు మొదలైనవి కలిపిన ముద్దతో పాటు, తాగడానికి చింతపండు కలిపి పుల్లబరిచిన బార్లీ నీళ్ళు ఇచ్చాడు. మిగిలినవాళ్ళకు ఆపిల్ సారా, గంధకామ్లపు మందు, సముద్రపు నీళ్ళు. చూశారా, మన చింతపండు, నిమ్మ జాతి పండు, వెనిగర్, మూడూ ఒకే ఓడ మీద పరీక్షకు కూర్చున్నాయి!

ఫలితం తెలిసిందే. నారింజలూ నిమ్మపళ్ళూ తిన్న ఇద్దరే బాగా కోలుకున్నారు. ఆరు రోజులకే వాళ్ళలో ఒకడు పనిలోకి వెళ్ళగలిగాడు. జబ్బును తగ్గించింది పులుపు కాదు, ఆ పండులోని మరొకటి. దానికి మనం ఇప్పుడు సి విటమిన్ అని పేరు పెట్టుకున్నాం. అది వెనిగర్‌లో లేదు. ఇంగ్లీషు నౌకాదళం నావికులందరికీ నిమ్మరసం ఇవ్వడానికి 1795 దాకా ఆగాల్సి వచ్చింది. దాదాపు యాభై ఏళ్ళు! నాలుకకు పుల్లగా తగిలినవన్నీ ఒంటికి ఒకే మేలు చెయ్యవని ఆ ఓడ చెప్పింది. వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం, చింతపండులో టార్టారిక్ ఆమ్లం, నిమ్మలో సిట్రిక్ ఆమ్లం, పెరుగులో లాక్టిక్ ఆమ్లం. నిమ్మలోని ఆమ్లాన్ని 1784లో విడదీసి చూపించిన షీలే అనే ఆయన స్వీడన్‌లో మందుల దుకాణం నడిపిన మనిషి.

ఇక స్టీలు కాలానికి వద్దాం. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో తుప్పు పట్టని ఉక్కు తయారైంది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో అది మన ఇళ్ళను ఆక్రమించింది. ఇత్తడి బిందెలు ఒక్కొక్కటే అటకెక్కాయి. కళాయి కేక వీధుల్లో తగ్గిపోయింది. తోముడు తగ్గింది, మన నడుములకు విశ్రాంతి దొరికింది. ఇది నిజంగా మేలే. కాని చింతపండు తొట్టి దగ్గర నుంచి తప్పుకోగానే, ఏ పులుపు ఎక్కడ అన్న లెక్క కూడా మెల్లగా చేతులు జారింది. ఆ ఖాళీలోకి సీసా వచ్చింది. దాని మీద ఎన్నో ఉపయోగాలు రాసి ఉంటాయి గాని, ఎక్కడ వాడకూడదో రాసి ఉండదు.

మా నల్లగొండ జిల్లాలో ఈ లెక్క మరీ ముఖ్యం. ఎందుకంటే అక్కడ పులుపు కథ నీళ్ళ కథతో ముడిపడి ఉంది. బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున తెల్లగా గార కడుతుంది. కుళాయి మూతి పూడుకుపోతుంది, గీజరు వేడెక్కనంటుంది. ఈ గారలో ఎక్కువ భాగం సున్నపు జాతి పదార్థమే. ఏ పులుపైనా దాన్ని కరిగిస్తుంది. వెనిగర్ పోస్తే బుడగలు రావడం మీరు చూడవచ్చు. ఇక్కడ దానికి మంచి మార్కులే వెయ్యాలి.

కాని గార పోయినంత మాత్రాన నీళ్ళలోని దోషం పోయినట్టు కాదు. ఆ జిల్లా నేలలో, గ్రానైట్ రాళ్ళలో ఫ్లోరైడ్ ఉంది. అది రుచికి తెలియదు, కంటికి కనపడదు. లీటరు నీళ్ళలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ప్రమాదమని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. ఏళ్ళ తరబడి తాగితే పళ్ళు గారపడతాయి, ఎముకలు వంగిపోతాయి. మన దేశంలో ఈ జబ్బును మొదట 1937లో, అప్పటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాలో గుర్తించారు. తర్వాత మర్రిగూడ, మునుగోడు ప్రాంతాల పేర్లు దీనివల్లే లోకానికి తెలిశాయి. 1970ల దశకంలో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి నీళ్ళ నుంచి ఫ్లోరైడ్‌ను విరిచి కిందికి దించే ఉపాయం తయారుచేసింది. దానికి నల్లగొండ పద్ధతి అని పేరు. ఆఫ్రికా దేశాల్లో కూడా ఆ పేరు తెలుసు.

ఇక్కడే మన చింతపండు మళ్ళీ కనిపిస్తుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ వారు ఒక హాస్టలులోని 18 మంది అబ్బాయిలకు రోజుకు 10 గ్రాముల చింతపండు చొప్పున 18 రోజులు మధ్యాహ్న భోజనంతో ఇచ్చి చూశారు. మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. 2002లో ఆ ఫలితాలు ప్రకటించారు. దీన్ని మందు అనుకోవద్దు. వంగిన ఎముకను చింతపండు నిలబెట్టదు. తాగేది మంచినీళ్ళయితేనే అసలు రక్షణ. అయినా రోజూ చారు కాచిన ఇల్లాలి చేతిలోని వస్తువు మీద శాస్త్రం అంత శ్రద్ధ పెట్టడం చిన్న విషయం కాదు.

కాబట్టి ఒక మాట గట్టిగా చెబుతున్నాను. నీళ్ళను కాచినందువల్ల ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. వెనిగర్ చుక్కలు వేసినా, నిమ్మరసం పిండినా పోదు. 2016లో మొదలైన మిషన్ భగీరథ పథకం కింద నదీజలాలు కుళాయిల్లోకి వచ్చాయి. తాగడానికీ వంటకూ ఆ నీళ్ళే పట్టుకోండి. బోరు నీళ్ళు గిన్నెలకూ బట్టలకూ ఉంచండి. ఏ బిందె నీళ్ళు ఏ పనికి పొయ్యాలో ఇంట్లో నిర్ణయించేది మనమే కదా.

ఇప్పుడు వాడకం. విద్యుత్ కెటిలులో గార కడితే సగం వెనిగర్, సగం నీళ్ళు పోసి వేడిచేసి, అరగంట ఉంచి, రెండుమూడు సార్లు మంచినీళ్ళతో కడగండి. కుళాయి మూతికి వెనిగర్‌లో తడిపిన గుడ్డ చుట్టి గంటసేపు వదిలేస్తే తెల్లపొర మెత్తబడుతుంది. గాజు గ్లాసుల మసక, ఫ్రిజ్‌లోని వాసన దీనికి లొంగుతాయి. అయితే హైదరాబాదు నుంచి విజయవాడ వెళ్ళే రహదారి మీద ఉన్న మా నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్టుకు పేరు. నిమ్మతోటలవాళ్ళు బస్తాలకొద్దీ కాయలు అక్కడికే తెస్తారు. ధర పడిపోయిన రోజుల్లో వాళ్ళ మొహాలు చూడలేం. రసం పిండేసిన నిమ్మచెక్కలతో కుళాయినీ తొట్టినీ రుద్ది చూడండి. చిన్న మరకలకు సీసా అక్కరలేదు.

వాడకూడని చోట్లు కూడా చెబుతాను. షాబాద్, తాండూరు బండలు సున్నపురాయి జాతివి. పాలరాయీ అంతే. గారను కరిగించే పులుపు ఆ బండల నునుపును కూడా తినేస్తుంది. మొజాయిక్ గచ్చుకూ ఇదే వర్తిస్తుంది. కళాయి పోయిన ఇత్తడిలోనూ, మనం సిల్వర్ గిన్నె అనే అల్యూమినియం పాత్రలోనూ వెనిగర్ నిలవ ఉంచవద్దు. తినే సోడాతో కలిపితే బుసబుస పొంగి చూడముచ్చటగా ఉంటుంది గాని, రెండూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి, మిగిలేది దాదాపు ఉత్తనీళ్ళే. అన్నిటికంటే ముఖ్యం, బ్లీచింగ్ పౌడరుతో గాని, బ్లీచింగ్ ద్రావకంతో గాని వెనిగర్‌ను ఎప్పుడూ కలపకండి. క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన స్నానాలగదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. పనిచేసే అమ్మాయికి కూడా ఈ మాట చెప్పండి. గదిలో ఉండేది ఆమే.

కొనేటప్పుడు చీటీ చదవండి. మన ఆహార నిబంధనల ప్రకారం వెనిగర్‌లో ఎసిటిక్ ఆమ్లం వందకు 3.75 వంతులకు తగ్గకూడదు. పులియబెట్టి చేసినది కాక, ఆమ్లాన్ని నీళ్ళలో కలిపి తయారుచేసినదైతే, అది కృత్రిమమని సీసా మీద స్పష్టంగా రాయాలి. గార తీయడానికి చవకదైన ఆ కృత్రిమమైనదే చాలు. తినడానికి పులియబెట్టినది తెచ్చుకోండి.

సీసాను పారెయ్యమని గాని, ఇత్తడి బిందెలు అటక మీంచి దించమని గాని నేను చెప్పడంలేదు. మన పెద్దవాళ్ళు సీసాలు లేని రోజుల్లో ప్రతి పులుపునూ దాని పనికి దాన్ని పెట్టారు, దాని హద్దు దానికి గీశారు. సీసా కూడా ఆ వరసలో చేరిన కొత్త పులుపే. ఆ లెక్క మీ అమ్మాయికే కాదు, అబ్బాయికి కూడా నేర్పండి. రేపు గిన్నెలు తోమేది వాడూను.